పేరు దాచుకొన్న మేళము

సంగీతసభలో ఎవరు ముందు పాడవలెను, ఎవరు వెనుక పాడవలెను అనునది చిన్న విషయము కాదు. హిందూస్థానీ సంగీత సమ్మేళనము రాత్రి పొడవునా సాగునప్పుడు మొదట చిన్నవారు కూర్చుందురు. అందరికంటె పెద్దవాడు తెల్లవారుజామున వేదిక నెక్కును. మన పల్లెలలో యక్షగాన మాడునప్పుడును అంతే. ముందు ప్రార్థన, ఆపైన చిన్న వేషములు. రాజవేషము తెర వెడలి వచ్చుసరికి రాత్రి చాల భాగము గడచిపోవును. ముందు పాడువాని వేళకు జనము ఇంకను వచ్చుచుందురు, చోటు వెదకుకొనుచుందురు, ఇరుగుపొరుగుతో మాటలాడుచుందురు. వెనుక పాడువాని వేళకు సభ కుదుటపడి యుండును. అందుచేత ఏ దేశములోనైనను వెనుకటి చోటు గౌరవస్థానము, ముందటి చోటు పరీక్షాస్థానము.

పాశ్చాత్యదేశములలో రాక్ సంగీత మనబడు దానికిని ఇదే మర్యాద కలదు. ప్రధాన బృందమునకు ముందు, అంతగా పేరులేని మరొక బృందము కొంతసేపు వాయించును. దానిని మనము ముందుమేళము అనుకొనవచ్చును. గోడపత్రికలో దాని పేరు క్రింద, చిన్న అక్షరములలో నుండును. టిక్కెట్టు కొన్నవారిలో చాలమంది ఆ పేరు చదువనైనను చదువరు.

అట్టి చిన్న అక్షరములలో, ఎవరును వినని పేరుతో, ఆనాటికి లోకములో మిక్కిలి ప్రసిద్ధమైన రాక్ బృందములలో ఒకటి తన్ను తాను దాచుకొన్నది. పెద్దవారు చిన్న వేదికకు వచ్చుటలో ఉన్న అర్థమేమి, పేరునకును పాటకును గల సంబంధమేమి అను ప్రశ్నలకు ఈ ఉదంతము మంచి ఉదాహరణము. అందులో రేడియోకు కూడ పాత్ర ఉన్నది గనుక, రేడియో వినువారికి ఇది ప్రత్యేకముగా తెలియదగినది.

కెనడా దేశములో టొరంటో నగరమున స్పడైనా వీథిలో ఎల్ మొకాంబో అను క్లబ్బు ఒకటి కలదు. తాటిజాతి చెట్టు ఆకారములో నియాన్ దీపములతో చేసిన పెద్ద గుర్తు దాని వాకిట వెలుగుచుండును. లోన మూడు నాలుగు వందల మందికి మించి పట్టని గది. తక్కువ ఎత్తు వేదిక. బల్లల చుట్టు కుర్చీలు. 1977వ సంవత్సరము మార్చి 4, 5 తేదీలలో, అనగా శుక్ర శనివారముల రాత్రులు, ఆ క్లబ్బులో ఏప్రిల్ వైన్ అను బృందము వాయించునని ప్రకటింపబడినది. అది కెనడాలో 1969లో పుట్టిన బృందము. స్వదేశములో మంచి పేరు గలది. దానికి ముందుమేళముగా 'ది కాక్రోచెస్', అనగా బొద్దింకలు, అను పేరు కనబడినది. ఆ పేరుగల బృందమును ఎవరును ఎరుగరు.

ఈలోగా టొరంటోలోని చమ్ అను రేడియో కేంద్రము తన శ్రోతలకు ఒక పోటీ పెట్టినది. రోలింగ్ స్టోన్స్ బృందమును చూచుటకు మీరేమి చేయుదురో వ్రాసి పంపుడని దాని సారాంశము. నెగ్గినవారికి ఎల్ మొకాంబోలో చోటు లభించినది. వెళ్లి కూర్చున్నవారి యెదుట, బొద్దింకల పేరుతో, మిక్ జాగర్, కీత్ రిచర్డ్స్, రాన్ వుడ్, బిల్ వైమన్, చార్లీ వాట్స్ నిలిచిరి. వారే రోలింగ్ స్టోన్స్. వారికి తోడు బిల్లీ ప్రెస్టన్ మెట్లవాద్యము వాయించెను.

దీనిలోని వింత తెలియవలెనన్న, అప్పటికి ఆ బృందపు స్థితి తెలియవలెను. అంతకు ఏడు నెలల క్రితమే, 1976 ఆగస్టు 21న, ఇంగ్లండులో నెబ్‌వర్త్ అనుచోట ఒక ప్రభువు భవనపు మైదానములో వారు పాడగా వినవచ్చిన జనము లక్షకు మించినది. 1975లో అమెరికాలో పర్యటించినప్పుడు వారు వాయించిన చోటులు క్రీడామైదానములు, మహామందిరములు. అట్టివారు మూడువందల మంది పట్టు గదిలోనికి, అదియును మరొకరి పేరు క్రింద రెండవ వరుసలో, వచ్చుట మన ఊహకు అందవలెనన్న, ఒక మహావిద్వాంసుడు పేరు మార్చుకొని, పెండ్లివారి యింట నాదస్వరమునకు ముందు కాసేపు పాడి పోయినట్లు తలపోయవలెను.

రహస్యము పూర్తిగా నిలువలేదు. వాయించుచున్నది ఎవరో అను మాట సాయంకాలమునకే ఊరిలో ప్రాకెను. క్లబ్బు బయట జనము చేరిరి. కెనడా ప్రధానమంత్రి పియర్ ట్రూడో భార్య మార్గరెట్ ట్రూడో ఆ సభకు వచ్చుటతో, మరునాటినుండి దేశదేశముల పత్రికలు సంగీతమును విడిచి ఆమెను గురించి వ్రాసినవి. కాని అసలు కథ వేరు.

ఆ బృందము టొరంటోకు వచ్చిన ముఖ్యోద్దేశము ఈ చిన్న సభలో తమ పాటలను యంత్రముపై పట్టి, ఒక గ్రామఫోను సంపుటిలో చేర్చుట. ఆ ఏర్పాట్లు జరుగుచుండగనే, ఫిబ్రవరి 27న, కెనడా పోలీసులు కీత్ రిచర్డ్స్ బసచేసిన హోటలు గదిని సోదా చేసి, హెరాయిన్ అను మత్తుపదార్థమును పట్టుకొనిరి. అమ్మకమునకై దగ్గర ఉంచుకొన్నాడని నేరము మోపబడినది. అది రుజువైనచో యావజ్జీవ కారాగారశిక్ష పడుటకు కూడ చట్టమున తావున్నది. అనగా ఆ శుక్రవారము రాత్రి బొద్దింకల పేరుతో వేదిక నెక్కిన ఐదుగురిలో ఒకడు, ఇక ముందు వేదిక నెక్కగలడో లేదో తెలియని స్థితిలో గిటారు పట్టినాడు. అతడు లేక ఆ బృందము లేదు. ఆ రెండు రాత్రులును కడపటివి కావచ్చునను సందేహము ఆ గదిలోని వారికి లేకపోలేదు.

ఇంతకును పెద్దవారికి చిన్నగదిపై ఈ మక్కువ ఎందుకు? ఉత్తరమునకు వారి ప్రారంభమును చూడవలెను.

1962 జూలై 12వ తేదీ రాత్రి లండనులో మార్కీ అను క్లబ్బులో అలెక్సిస్ కోర్నర్ నడుపు బ్లూస్ ఇన్‌కార్పొరేటెడ్ బృందము వాయించవలసి యుండెను. అయితే ఆ రాత్రియే వారికి బి.బి.సి. రేడియోలో 'జాజ్ క్లబ్' అను కార్యక్రమమునకు పిలుపు వచ్చెను. వారు రేడియోకు పోయిరి. క్లబ్బులో వారి చోటు ఖాళీ పడెను. ఆ ఖాళీని పూరించుటకు వచ్చిన కుఱ్ఱవాండ్రే రోలింగ్ స్టోన్స్. ఆ పేరుతో వారు చేసిన మొదటి కచ్చేరి అది. రేడియో ఒకరిని పిలుచుకొనిపోగా, మిగిలిన చోటిలో మరొకరు పుట్టిరన్నమాట. వెనుక పదునైదేండ్లకు, అదే బృందము చిన్నగదికి తిరిగిరాదలచినప్పుడు, శ్రోతలను గదిలోనికి చేర్చినదియు రేడియోయే.

ఆనాడు వారు పాడినవి తమ పాటలు కావు. అమెరికాలోని నీగ్రోజాతివారని అప్పటి పుస్తకములు పేర్కొనిన నల్లజాతి గాయకుల బ్లూస్ పాటలు. బ్లూస్ అనునది కష్టజీవుల పాట. దాని నిర్మాణము సులభమైనది. సాధారణముగా మూడు పాదములు. మొదటి పాదము చెప్పినదానినే రెండవ పాదము మరల చెప్పును. మూడవది జవాబు చెప్పును. ఈ మూడును కలిసి పండ్రెండు తాళావృత్తములలో ముగియును. గాయకుడు పాదము ముగించి ఊపిరి తీసికొను వ్యవధిలో గిటారు జవాబు పలుకును. మన భజనలో ముందు చెప్పువాడు చెప్పగా వెనుకవారు అందుకొనునట్లు, కోలాటములో కోలకు కోల బదులు పలుకునట్లు, ఇదియును ప్రశ్నోత్తరముల సంగీతము. ప్రశ్నోత్తరములు సాగవలెనన్న ఇరువురును దగ్గరగా నుండవలెను.

రోలింగ్ స్టోన్స్ అను పేరే మడ్డీ వాటర్స్ అను బ్లూస్ గాయకుడు 1950లో పాడిన ఒక పాటనుండి తీసికొనబడినది. ఆయన మిసిసిపీ ప్రాంతములో ప్రత్తితోటల కూలి. 1941లో అమెరికా ప్రభుత్వ గ్రంథాలయపు పక్షమున జానపదగీతములు సేకరించుచు అలన్ లోమాక్స్, జాన్ వర్క్ అను పండితులు ఆయన పాటను ఫలకములకు ఎక్కించిరి. తన గొంతును తాను బయటనుండి వినుట ఆయనకు అదియే మొదలు. 1943లో ఆయన షికాగో నగరమునకు వలస పోయెను. అక్కడ పానశాలలలో జనుల సందడికి కొయ్య గిటారు నాదము వినబడలేదు. అందుచే ఆయన విద్యుత్ గిటారు పట్టెను. గమనింపదగిన సంగతి యేమనగా, ఈ సంగీతమునకు విద్యుచ్ఛక్తి తోడైనది మహామైదానముల కొరకు కాదు. మూల కూర్చున్నవానికి వినబడుటకై, ఒక చిన్నగది కొరకు. తరువాత ఆ శక్తియే పెరిగి పెరిగి, లక్షమందికి ఒక్కసారి వినిపించు యంత్రమై, పాడువానిని వినువానికి దూరము చేసినది.

ఈ దూరము అనునది మనోభావము మాత్రమే కాదు, భౌతికశాస్త్ర విషయము. ధ్వని గాలిలో క్షణమునకు, అనగా సెకండుకు, సుమారు 340 మీటర్లు పోవును. యాదగిరిగుట్ట దిగువన నిలిచినవానికి, పైన లౌడుస్పీకరులో పలికిన మాట ఒక పిసరు ఆలస్యముగా చేరును. దగ్గరిదొకటి, దూరపుదొకటి రెండు స్పీకరులు ఉన్నచో ఒకే మాట ముందు వెనుకలుగా రెండుమారులు చెవి సోకును. మంత్రమునకు దీనివలన నష్టము లేదు. తాళమునకు మాత్రము నష్టము కలదు. మైదానములో గాయకునికి నూరు మీటర్ల దూరమున నిలిచినవాడు, తనకు వినబడిన దెబ్బకు సరిగా చప్పట్లు కొట్టిననుకొందము. పాట అతనికి చేరుటకు సుమారు సెకండులో పదింట మూడు వంతులు. చప్పట్లు తిరిగి వేదిక చేరుటకు మరల అంత. నిమిషమునకు 120 దెబ్బల వేగముగల పాటలో దెబ్బకు దెబ్బకు నడుమ అర సెకండు మాత్రమే. కాబట్టి ఆ చప్పట్లు వేదికకు చేరుసరికి పాట ఒక దెబ్బకు పైగా ముందుకు సాగిపోయి యుండును. గాయకుడు జనుల తాళమును నమ్ముకొన్నచో తప్పిపోవును. అందుచే అతడు చెవులు మూసికొన్నవానివలె, తన యెదుట నున్న చిన్న స్పీకరునే వినుచు పాడవలసి వచ్చును.

చిన్నగదిలో ఈ చిక్కు లేదు. పది మీటర్ల దూరమునకు ధ్వని సెకండులో నూరింట మూడు వంతుల కాలములో చేరును. అంత స్వల్పమైన ఆలస్యమును చెవి పట్టజాలదు. జనులు వేయు తాళము పాటలో కలియును. వారి నిట్టూర్పు కూడ వినబడును. ఒక పాదము నచ్చినదో లేదో గాయకునికి ఆ పాదము ముగియకముందే తెలియును. రాగమును పెంచవలెనా, తెంచవలెనా అని మన విద్వాంసుడు ముందు వరుసలోని రసికుని తలయూపును చూచి నిర్ణయించుకొనును. మైదానములో ఆ తల కనబడదు.

యాదగిరిగుట్ట నెరిగినవారికి ఈ విషయము మరియొక విధముగా బోధపడును. 2016లో మొదలైన పునర్నిర్మాణములో అక్కడ కృష్ణశిలతో విశాలమైన ప్రాకారములు, మండపములు, ఎత్తైన గోపురములు లేచినవి. 2022 మార్చి 28న ప్రధానాలయ దర్శనములు మరల ఆరంభమైనవి. ఫాల్గుణమాసపు బ్రహ్మోత్సవములకును, స్వాతి నక్షత్రమునాటి గిరిప్రదక్షిణమునకును వచ్చు జనసమూహమునకు అంత విశాలమైన చోటు కావలసినదే. అయినను స్వామి యున్నది ఆ పాత గుహలోనే. ఎంత దూరము నడచివచ్చినవాడైనను తలవంచి ఆ కొద్దిపాటి చోటికే చేరవలెను. గుహ చిన్నదని దానిని త్రవ్వి మండపము చేయ తలచినవారు లేరు. పెద్దది దేనికి కట్టితిమో ఆ చిన్నదానిని చెడనీయక నిలుపుకొనుట తెలిసిన పని. ప్రసిద్ధుడైన కళాకారునికి చిన్నగది అట్టిది. మైదానములన్నియు దాని చుట్టు కట్టిన ప్రాకారములు.

టొరంటో ముద్రణలను పరిశీలించినచో ఈ మాట బలపడును. 1977 సెప్టెంబరులో 'లవ్ యూ లివ్' అను పేర రెండు ఫలకముల సంపుటి వెలువడినది. అందులో నాలుగు పక్కలు. మూడు పక్కలలో పెద్దచోట్ల కచ్చేరీలు. మూడవ పక్కలో మాత్రము ఎల్ మొకాంబో పాటలు నాలుగు. ఆ నాలుగింటిలో ఒకటియు వారు కట్టినది కాదు. 'మానిష్ బాయ్' మడ్డీ వాటర్స్ పాడినది. 'క్రాకిన్ అప్' బో డిడ్లీది. 'లిటిల్ రెడ్ రూస్టర్' విల్లీ డిక్సన్ రచన. 'అరౌండ్ అండ్ అరౌండ్' చక్ బెర్రీది. నాలుగును 1955కును 1961కిని నడుమ రికార్డులుగా వెలువడిన పెద్దల పాటలు. కుఱ్ఱతనములో ఈ బృందమునకు బడిపాఠములు. లక్షల ప్రతులు అమ్ముడుపోయిన సొంత పాటలు చేతిలో నుండగా, చిన్నగది గుర్తుగా వారు లోకమునకు వినిపింపదలచినది గురువుల పాటలనే. ఆ రాత్రుల ముద్రణ విస్తారముగా వెలుగు చూచుటకు మరి నలువదియైదేండ్లు పట్టినది. 2022 మే నెలలో మార్చి 5వ తేదీ కచ్చేరి యంతయు, 4వ తేదీనాటి మూడు పాటలతో కూడ వెలువడినది. విన్నవారికి గదిలోని సీసాల చప్పుడు, ముందు వరుస కేకలు, పాటకును పాటకును నడుమ జాగర్ పలుకు మాటలు దగ్గరగా వినబడును.

అయితే ఒక సంగతి మరువరాదు. పేరు దాచుట ఎంతవరకు నిజమైన దాపరికము? తెర తొలగిన మరుక్షణమే ముఖములు గుర్తుపట్టబడినవి. పేరు తెలియక ముందు పాటను మాత్రమే విని, బాగున్నదో లేదో చెప్పుటకు ఆ శ్రోతలకు అవకాశము చిక్కలేదు. ఈ ఉపాయము మరొకమారు చేయగా మరింత పలుచనైనది. 1981 సెప్టెంబరు 14న, అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రపు వూస్టర్ పట్టణములో సర్ మోర్గన్స్ కోవ్ అను చిన్నక్లబ్బులో వారు 'లిటిల్ బాయ్ బ్లూ అండ్ ది కాక్రోచెస్' అను పేర వాయించిరి. లోన కొన్ని వందలమంది. బయట వీథిలో వేలమంది. బొద్దింకల పేరు విన్నంతనే లోకము ఎవరో పోల్చుకొన్నది. మారుపేరే పేరై కూర్చున్నది. ప్రసిద్ధి యనునది ఒకసారి వచ్చినచో వదలించుకొనుట కష్టము.

మన దేశములోను ఇట్టిది జరుగకపోలేదు. 1972లో లెడ్ జెప్లిన్ అను ఆంగ్ల బృందమునకు చెందిన జిమ్మీ పేజ్, రాబర్ట్ ప్లాంట్ బొంబాయికి వచ్చిరి. వారి పని అక్కడి వాద్యకారులతో కలసి తమ పాటలను ప్రయోగాత్మకముగా ముద్రించుట. ఆ సందున కొలాబాలోని స్లిప్ డిస్క్ అను చిన్న డిస్కోతెక్కులో, ముందు ప్రకటన లేకయే, స్థానిక వాద్యకారులను తోడు చేసికొని వాయించిరి. లండనులోను న్యూయార్కులోను వారిని చూచుటకు టిక్కెట్టు దొరకని కాలమది. బొంబాయిలో ఆ రాత్రి అక్కడ నుండినవారికి మాత్రము అడుగకయే దొరికినది.

మన తెలుగునాట ఇందుకు ఎదురైన ఉదాహరణము, అనగా పేరులేనివాడు ముందువేళ పాడి పేరు తెచ్చుకొన్న ఉదాహరణము, అందరెరిగినది. 1940 జూలై 18న విజయవాడలో సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రిగారి ఆరాధనోత్సవములు జరుగుచుండెను. త్యాగరాజస్వామి శిష్యపరంపరకు చెందిన ఆ మహనీయుని శిష్యులు పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారు. పంతులుగారు తమ శిష్యుడైన పదియేండ్ల బాలుని కచ్చేరి ఆ ఉత్సవములలో ఏర్పాటు చేసిరి. ఆ బాలుని పేరు మురళీకృష్ణ, ఊరు శంకరగుప్తము. ఇచ్చిన వేళ కొద్దిదే. బాలుడు పాడుచుండగా సభ కదలలేదు. వేళ మీరినను ఎవరును ఆపలేదు. వినుచున్న హరికథావిద్వాంసులు ముసునూరి సూర్యనారాయణమూర్తి భాగవతారుగారు ఆ పేరునకు ముందు 'బాల' శబ్దమును చేర్చిరి. మంగళంపల్లి బాలమురళీకృష్ణగారి పేరు నేటికిని ఆనాడు చేరిన రెండక్షరములతోనే నిలిచి యున్నది. టొరంటోలో పేరుగలవారు పేరు విడిచి ముందుమేళముగా ప్రకటింపబడిరి; విజయవాడలో పేరులేనివాడు ముందువేళ పాడి పేరు గొనిపోయెను. రెండుచోట్లను తూనిక ఒక్కటియే: యెదుట కూర్చున్న కొద్దిమంది చెవి.

హైదరాబాదులో పండిత్ జస్రాజ్‌గారి నడవడి మరియొక విధమైనది. ఆయన తండ్రి పండిత్ మోతీరామ్ 1934 నవంబరులో ఈ నగరముననే, నిజాముగారి ఆస్థానవిద్వాంసుడుగా ప్రకటింపబడవలసిన నాడే, కన్నుమూసిరి. లోకమంతట కీర్తి గడించిన తరువాత కూడ జస్రాజ్‌గారు తండ్రి వర్ధంతికి ఏటేట హైదరాబాదు వచ్చుచుండిరి. తండ్రి, అన్నల పేరిట సంగీతోత్సవము నడపి, ఇతర కళాకారులను పిలిపించి పాడించుచుండిరి. అంబరుపేటలోని తండ్రి సమాధికడ శ్రద్ధాంజలి ఘటించుటకు ఏ గోడపత్రికయు అక్కరలేదు. ఆయన 2020 ఆగస్టు 17న పరమపదించువరకు ఈ బంధము తెగలేదు. మరల మరల చిన్నచోటికి వచ్చుటకు మారుపేరే పెట్టుకొననక్కరలేదు, తన పేరు ఎవరినుండి వచ్చినదో గుర్తున్న చాలునని దీనివలన తెలియుచున్నది.

టొరంటో కథకు ముగింపు న్యాయస్థానములో దొరకినది. 1978 అక్టోబరులో కీత్ రిచర్డ్స్ హెరాయిన్ కలిగియుండిన నేరమును అంగీకరించెను. అమ్మకపు నేరము తొలగింపబడినది. న్యాయాధిపతి అతనిని చెరసాలకు పంపలేదు. శిక్షను నిలుపుచేసి, చికిత్స కొనసాగింపవలెననియు, కెనడాలోని అంధుల సంస్థకు సహాయార్థము ఒక కచ్చేరి చేయవలెననియు షరతులు విధించెను. ఆ తీర్పు మెత్తనిదని ప్రభుత్వపక్షము అప్పీలు చేసినను అది నిలిచినది. 1979 ఏప్రిల్ 22న టొరంటో సమీపమున ఓషావా పట్టణములో రిచర్డ్స్ తన మిత్రులతోను, రోలింగ్ స్టోన్స్ బృందముతోను రెండు కచ్చేరీలు చేసి ఆ ఋణము తీర్చుకొనెను. టిక్కెట్లలో కొంతభాగము అంధులకే కేటాయింపబడినది.

1977లో ఆ బృందము పేరు దాచుకొన్నది, ముఖము మాత్రము దాచుకొనలేకపోయినది. రెండేండ్లకు, న్యాయస్థానపు ఆజ్ఞ వలన, తమ ముఖమును చూడజాలని శ్రోతల యెదుట అదే బృందము నిలువవలసి వచ్చినది. ఆ శ్రోతలకు జాగర్ గంతులు లేవు, రంగురంగుల దుస్తులు లేవు, దీపముల వెలుగు లేదు. గిటారు శ్రుతిలో ఉన్నదా, గొంతు నిజము పలుకుచున్నదా, తాళము నిలిచినదా అను మూడు సంగతులే వారికి అందును. ఎల్ మొకాంబోలో వెదకిన పరీక్ష వారికి ఓషావాలో దొరకినదనుట తప్పు కాదేమో.

రేడియో ముందు కూర్చున్న ప్రతి శ్రోతయు కొంతవరకు ఈ స్థానములోనే ఉన్నాడు. తెల్లవారుజామున భక్తిరంజని వినునప్పుడు పాడువాని ముఖము మనకు కనబడదు. పేరు చెప్పుసరికి మనము ఇంకను వంటయింటిలోనో, పెరటిలోనో ఉందుము. ముందు పాట చెవిని బడును, పేరు తరువాత తెలియును. బాలమురళీకృష్ణగారి కంఠము విజయవాడ కేంద్రము నుండి ఎన్నియో ఇండ్లకు ఆ విధముగానే చేరినది. స్టూడియో గది చిన్నది. వినువాని గదియు చిన్నది. నడుమ ఎన్ని మైళ్లున్నను ఆ రెండు గదులు ఒకటిగా కలియును. పేరును పట్టించుకొనక పాటను విను అలవాటు మన చెవికి ఉన్నంతకాలము, పెద్దవారు పేరు దాచుకొని వచ్చినను, చిన్నవారు పేరులేక వచ్చినను, వారికి అందవలసిన మన్నన అందును.